ధర బాగున్నప్పుడే అడుగుతున్నాను

గిరిజన సహకార సంస్థ (జీసీసీ) యాజమాన్యానికి, విశాఖపట్నం



పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ పండించే గిరిజన రైతుకు ఉండేది ఎకరమో రెండెకరాలో. ఒంటరిగా వెళ్తే ధర చెప్పేది షావుకారే. 1956లో మీ సంస్థ పుట్టింది ఇలాంటి స్థితి మార్చడానికే. సీజన్‌కు ముందే ధర ప్రకటించి మీరు కాఫీ కొంటున్నారు కాబట్టే సంతలో బేరానికి ఒక ఆధారం దొరికింది. ఆ మేలు పెద్దదే.

2001లో న్యూయార్క్ మార్కెట్‌లో పౌను అరబికా కాఫీ ధర 50 సెంట్ల కిందికి పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో అదే పౌను 4 డాలర్లు దాటింది. ఇలా లేచిన ధర మళ్లీ పడితే రైతును కాచేదేమిటో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఇందుకు ఒక దారి మెక్సికోలో కనిపిస్తుంది. అక్కడి ఒహాకా కొండల్లో యూసిరి అనే ఆదివాసీ రైతుల సహకార సంఘం 1980లలో దళారులను దాటి నేరుగా యూరప్‌కు అమ్మడం మొదలుపెట్టింది. ఆ కాఫీతోనే 1988లో నెదర్లాండ్స్‌లో, రైతుకు న్యాయమైన ధర దక్కిందని చెప్పే మాక్స్ హవేలార్ ముద్ర వచ్చింది. నేటి ఫెయిర్‌ట్రేడ్‌కు మూలం అదే. మార్కెట్ ఎంత పడినా కడిగి శుద్ధి చేసిన (వాష్డ్) అరబికాకు రైతు సంఘానికి పౌనుకు 1.80 డాలర్లు దక్కాలన్నది 2023 ఆగస్టు నుంచి దాని నియమం. మార్కెట్ అంతకు మించితే మార్కెట్ ధరే ఇవ్వాలి. ఆపైన 20 సెంట్ల ప్రీమియం. దాన్ని పల్పింగ్ యంత్రానికి వాడాలా, ఆరబెట్టే కళ్లాలకా, బడి గదులకా అన్నది సభ్యులు సర్వసభ్య సమావేశంలో ఓటేసి తేలుస్తారు. నాకు ధరకంటే ఈ ఓటే విలువైనదిగా కనిపిస్తుంది.

ఆ పద్ధతికీ లోపాలున్నాయి. చాలా సంఘాలు పంటలో కొంత భాగమే ఆ షరతులపై అమ్ముకోగలుగుతున్నాయి. పండ్లు కోసే కూలీ దాకా లాభం చేరడం కష్టం. అయినా అందులోని మంచిని మన కొండలకు తెచ్చుకోవచ్చు.

ధర బాగున్న ఏళ్లలో కిలోకు ఇంతని పక్కన పెట్టి, ధర పడిన ఏడాది ఆదుకునే నిధి ఏర్పాటు చేయండి. ఎంతకు అమ్మారో, ఖర్చెంతో, మిగిలిందెంతో ఊరూరా తెలుగులోనూ ఆదివాసీ భాషల్లోనూ చదివి వినిపించండి. మిగులులో ఒక వాటాను రైతుల ఓటుకు వదలండి. పండ్లు కోసి, ఆరబెట్టి, ఏరే ఆడవాళ్లకూ ఆ ఓటు ఉండాలి. పట్టా మగవాడి పేర ఉందని వాళ్లను పక్కన పెట్టవద్దు.

వచ్చే సీజన్ కొనుగోళ్లు మొదలయ్యేలోపు మీ జవాబు రైతులకు చేరాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కాఫీ ప్రేమికుడు