ఓర్చుకోమనడం వైద్యం కాదు

టికెట్ కౌంటర్ల వెనుక, సార్టింగు బల్లల ముందు పనిచేసే మన సోదరీమణులు ముట్లుడిగే దశలో వేడి ఆవిర్లతో, చెమటలతో, నిద్రలేమితో బాధపడుతున్నారు. "వయసు వచ్చింది, ఓర్చుకో" అనే సలహాతో సరిపెట్టే ధోరణిని మేము ఖండిస్తున్నాము.

హార్మోను చికిత్స పట్ల భయం 2002లో అమెరికా అధ్యయనం ఒకటి అర్ధాంతరంగా ఆగినప్పుడు వ్యాపించింది. అందులోని స్త్రీల సగటు వయస్సు 63 ఏళ్లు! 60 ఏళ్లలోపు, లేదా ముట్లుడిగిన పదేళ్లలోపు ఆరంభిస్తే, ఆరోగ్యవంతులలో అత్యధికులకు కీడుకంటే మేలే ఎక్కువని నేడు వైద్యులు చెబుతున్నారు. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టరోన్ కూడా వాడాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి హార్మోన్లు సాధారణంగా తగవు. వారికి గాబాపెంటిన్ వంటి హార్మోనేతర మందులున్నాయి.

ఏది ఎవరికి తగునో తేల్చవలసింది వైద్యులు. ఆ వైద్యుల వద్దకు దారి చూపవలసింది యాజమాన్యం. రైల్వే ఆసుపత్రులలోను, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కేంద్రాలలోను స్త్రీ వైద్య నిపుణుల సలహా, ఈ మందులు ఖాయంగా అందాలి. పనిచోట గాలి, మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి.

మేము దయాభిక్ష కోరడం లేదు. ప్రతి శాఖా సమావేశంలోను ఈ తీర్మానాన్ని పురుష సభ్యులే ముందుగా ప్రతిపాదించాలి. ఇది స్త్రీల గొడవ కాదు, కార్మికుల హక్కు!