కొల్లేటి కొంగకి 36 ఫొటోల రీలు

మీ ఫోన్ గ్యాలరీలో ఎన్ని ఫొటోలున్నాయో ఒక్కసారి చూడండి. నాలుగు వేలా? ఆరు వేలా? మా రోజుల్లో రీలుకి 36. అదృష్టం బావుంటే చివర్లో 37వది కూడా పడేది, అంతే!

తాడేపల్లిగూడెం నుంచి భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు పక్కనున్న ఆటపాక వెళ్తే ఆ 36 ఎంత తక్కువో తెలిసొచ్చేది. గూడబాతు, అదే మీరు పెలికాన్ అంటారే, అది నీళ్ళమీంచి లేచే కాస్సేపట్లోనే సగం రీలు ఖాళీ. కొత్త రీలు ఎక్కించి తలెత్తేసరికి పక్షి ఇంకో చెట్టుమీద ఉండేది. కడిగించి ప్రింట్లు వేయిస్తే గానీ ఏం పడిందో తెలీదు. కలర్ స్లైడ్ అయితే నగరానికి పంపించి ఎదురుచూడాల్సిందే.

ఈ ఖర్చూ, ఈ ఎదురుచూపూ ఎలాగో భరించొచ్చు. నేను డిజిటల్‌కి మారడానికి అసలు కారణం వెలుతురు.

పక్షులు బాగా కదిలేది తెల్లవారుతుండగా. అప్పుడు వెలుతురు తక్కువ. 400 ఐఎస్ఓ ఫిల్మ్‌తో షట్టర్ సెకనులో 125వ వంతు దగ్గరే ఆగిపోతుందనుకోండి, ఎగిరే రెక్క చెదిరిపోతుంది. రీలు పూర్తయ్యేదాకా అదే ఐఎస్ఓతో తంటాలు పడాలి. డిజిటల్‌లో అయితే చక్రం తిప్పి 3200 పెట్టుకోవచ్చు. ఎనిమిది రెట్లు కదా, షట్టర్ వెయ్యో వంతుకి చేరుతుంది. ఈక ఈకా విడిగా కనిపిస్తుంది. ఎండ రాగానే మళ్ళీ 400. ఫొటో ఫొటోకీ మార్చుకోవచ్చు!

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరాకి ఒక్క ఫొటోని క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అలాంటిది, 2003లో రఘురాయ్ అంతటి ఫొటోగ్రాఫరే డిజిటల్ పట్టుకుని మళ్ళీ ఫిల్మ్ వైపు వెళ్ళలేదు.

అయితే ఒక విషయంలో ఫిల్మే మేలు. నెగెటివ్‌లో వెలుతురు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుంది. డిజిటల్ సర్దుకోదు. కొంగ ఒంటిమీద ఎండ పడిందా, ఈకల్లో గీతలన్నీ పోయి సున్నం కొట్టిన గోడలా ఒకటే తెలుపు మిగులుతుంది. తర్వాత ఏ యాప్‌లో కుస్తీ పట్టినా ఆ ఈకలు తిరిగిరావు. అందుకే కెమెరాలో హిస్టోగ్రామ్ చూసుకోండి. ఆ గ్రాఫ్ కుడి అంచుకి గుద్దుకుంటుంటే వెలుతురు తగ్గించండి. ఫోన్‌లో అయితే కొంగ మీద వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఫిల్మ్ రోజుల్లో ప్రింటు వెనకాల తేదీ, ఊరు బాల్‌పెన్‌తో రాసుకునేవాణ్ణి. రాయకపోతే ఆ ఫొటో ఏ ఏటిదో ఎవరికీ తెలీదు. మీ ఫోన్ ఆ పని తనే చేస్తుంది. తేదీ, సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా ఫైల్లోనే దాచిపెడుతుంది.

కొల్లేటికి ఇది చిన్న విషయం కాదు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు హద్దు ఎంతవరకు ఉండాలన్న వాదన తెగలేదు. పక్షుల బతుకూ, చెరువుల మీద ఆధారపడ్డవాళ్ళ బతుకూ రెండూ అందులోనే ఉన్నాయి. ఏ నెలలో నీరు ఎక్కడిదాకా ఉంది, ఏ చెట్టుమీద గూళ్ళున్నాయి అని చెప్పే తేదీ ఉన్న ఫొటో ఆ వాదనలో సాక్ష్యం.

మరి మీరేం చేస్తారు? దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపేస్తారు. అక్కడ సైజు తగ్గిపోతుంది, లోపలి తేదీ, లొకేషన్ ఎగిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అవి చెక్కుచెదరవు. ఒరిజినల్‌ని ఫోన్‌లోనే వదిలేయకుండా ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టండి. ఫోన్ నీళ్ళలో పడితే అందులో ఉన్నవన్నీ ఒకేసారి పోతాయి.

ఈ చలికాలం ఆటపాక వెళ్తే పడవెక్కే ముందు లొకేషన్ ఆన్ చేసుకోండి. గూళ్ళకి మరీ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, దూరం నుంచే జూమ్ చేసుకోండి.