కింది రెక్కకు లేత రంగు ఎందుకు?

రెజ్యూమెలో హాబీల వరుస దగ్గరికొచ్చేసరికి మన విద్యార్థులందరూ ఒకే ఇంట్లో పెరిగినవాళ్లలా కనిపిస్తారు. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్. ఈమధ్య ఏం చదివారని అడిగితే మాట ఆగిపోతుంది. ప్రాజెక్టు సంగతీ అంతే. డబ్బిచ్చి కొనుక్కున్న ప్రాజెక్టులో ఈ భాగం ఇలాగే ఎందుకు పెట్టావంటే చెప్పడానికేం ఉంటుంది?

దీనికి విరుగుడుగా ఓ చిన్న పని. జంట రెక్కల విమానం, అదే బైప్లేన్, నమూనా ఒకటి మీ చేత్తో మీరే కట్టి రంగులు వేయండి. పిల్లల ఆట అనిపిస్తే గ్లోస్టర్ గ్లాడియేటర్‌ను చూడండి. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాడిన చివరి బైప్లేన్ ఫైటర్ ఇది. 1934లో తొలిసారి ఎగిరింది, 1937లో దళాల్లో చేరింది. దీని నౌకాదళ రకమైన సీ గ్లాడియేటర్లే 1940లో ఇటలీ దాడుల నుంచి మాల్టా దీవిని కాచాయి. అసలు విమానం రెక్కల వెడల్పు 9.83 మీటర్లు. 1/72 స్కేలులో 13.7 సెంటీమీటర్లే.

పైనుంచి చూసే శత్రువు కంటికి నేలలో కలిసిపోవాలని దీనికి ముదురు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ వంపులు వంపులుగా వేశారు. ఇక్కడే ఓ తిరకాసు ఉంది. పై రెక్క నీడ కింది రెక్క మీద పడుతుంది. రెండింటికీ ఒకే రంగులు వేస్తే కిందిది మరీ నల్లగా తేలి, దాచాలనుకున్న ఆకారాన్ని అదే పట్టిస్తుంది. అందుకని కింది రెక్కకు లేత మట్టి, లేత ఆకుపచ్చ వేశారు. ఈ కారణం తెలియనివాళ్లు రెండు రెక్కలకూ ఒకే డబ్బాలో బ్రష్ ముంచేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ తప్పు.

పని వరుస కూడా ఆలోచించాల్సిందే. ముక్కలన్నీ సబ్బునీళ్లతో కడగాలి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. రెండు రెక్కలూ ముందే అతికించేస్తే మధ్యలోకి బ్రష్ దూరదు. కాబట్టి పై రెక్కను విడిగా ఉంచి, తీగల కోసం సన్నని రంధ్రాలు చేసి, ప్రైమర్ కొట్టి, లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, పల్చటి పూతలుగా వేయాలి. పూత పూతకీ మధ్య ఆరనివ్వాలి. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దొరికిపోతారు. అతికించే చోట మాత్రం రంగు గీకేయాలి. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రంగు పొర మీద పట్టు ఉండదు. గుర్తుల స్టిక్కర్లకు ముందు మెరుపు వార్నిష్, అంతా అయ్యాక మెరుపు లేని వార్నిష్. తీగలకు సన్నటి నైలాన్ దారం చాలు.

కిట్, రంగులు కొనే స్తోమత లేకపోతే అట్టముక్కలతో మొదలుపెట్టండి, నష్టం లేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నవాళ్లకు ఏరోమోడలింగ్ ఎలాగూ ఉంటుంది, వదులుకోకండి. నమూనా చూసి ఎవరూ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టరు, ఆ మాట మేమూ అనడం లేదు. కానీ ‘ఎందుకు’ అని మూడుసార్లు అడిగినా తడబడకుండా చెప్పగలిగే పని ఒకటి మీ పేరు మీద ఉంటుంది. అది మెకానికల్ వాళ్లకే కాదు, బీకామ్ వాళ్లకూ పనికొస్తుంది.

రెజ్యూమెలో ‘మోడల్ మేకింగ్’ అని రెండు మాటలు రాసి వదిలేయకండి. ఏ విమానం, ఏ స్కేలు, ఎన్ని వారాలు పట్టిందో ఒక్క వాక్యంలో రాయండి. ఫోన్‌లో మూడు ఫొటోలు ఉంచుకోండి: విడి ముక్కలది ఒకటి, పై రెక్క బిగించకముందు ఒకటి, పూర్తయ్యాక ఒకటి. మధ్య ఫొటో గురించే ఎక్కువ అడుగుతారు.