సర్కారు బాకీకి మన పిల్లల సర్టిఫికెట్లు తాకట్టా?

"ఎస్సీ పిల్లలకు ఫీజు లేదు, అంతా సర్కారే కడుతుంది." వేసవి వస్తే చాలు, పామర్రు సెంటర్లో ఫ్లెక్సీల మీదా, మన పేటల్లో తిరిగే కాలేజీ ఏజెంట్ల నోటా ఇదే మాట. చేరేదాకానే ఈ తీపి. నాలుగేళ్లు చదివి పాసైన పిల్ల కాగితాల కోసం పోతే మాట మారుతుంది. "మీ గవర్నమెంటు డబ్బులు రాలేదమ్మా. ముందు మీరు కట్టండి, వచ్చాక వెనక్కిస్తాం."

మీ గవర్నమెంటట! అది మనదెప్పుడైందో మరి.

బాకీ పడ్డదెవరు? సర్కారు. రావలసిందెవరికి? యాజమాన్యానికి. మధ్యలో తాకట్టు పడేవి ఊడ్పులకూ కోతలకూ పోయే తల్లి కన్న బిడ్డ కాగితాలు. నేను పాఠం చెప్పిన ఒక పిల్లకు ఇదే జరిగింది. వాళ్లమ్మ డ్వాక్రా అప్పు తెచ్చి కట్టి విడిపించుకుంది. ఆ అప్పు మీద వడ్డీని ఎవరు రీయింబర్సు చేస్తారు?

ఇది ఎవరో వేసిన బిచ్చం కాదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో, 1944లో, ఎస్సీ పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. 2008లో ఫీజు రీయింబర్సుమెంటు బీసీలకూ ఇతర పేదలకూ విస్తరించింది. ఆ డబ్బు చూసుకునే సందు సందుకూ ఇంజనీరింగు కాలేజీలు లేచాయి. మన పిల్లలు లేకపోతే వాటిలో ఎన్ని సీట్లు నిండేవి?

అదే 1944లో అమెరికాలో నల్లవాళ్ల ప్రైవేటు కాలేజీలు ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. టస్కెగీ కాలేజీ పెద్ద ఫ్రెడరిక్ ప్యాటర్సన్ దానికి పూనుకున్నాడు. అక్కడ ప్రైవేటు కాలేజీ కాగితం మీద ఒక ఫీజు రాసి, పిల్లవాడి స్తోమత చూసి అందులో కొంత తానే వదులుకుంటుంది. తెల్లవాళ్ల పెద్ద కాలేజీలకు తాతల నాటి నిధులున్నాయి, లోటు తెలియదు. బానిసల మనవలు చదివిన కాలేజీకి ఆ నిధులెక్కడివి? వదులుకున్న ప్రతి డాలరూ పంతుళ్ల జీతాల్లోంచి, బిల్డింగు మరమ్మతుల్లోంచి పోతుంది. అట్లాంటాలో నల్లవాళ్లే పెట్టుకున్న మోరిస్ బ్రౌన్ కాలేజీ అప్పులపాలై 2002లో గుర్తింపు పోగొట్టుకుంది. అది తిరిగి రావడానికి 2022 దాకా పట్టింది. కాలేజీకి డబ్బు కష్టమంటే ఏంటో వాళ్లనడగాలి.

మన దగ్గర వదులుకున్నదేముంది? ఎస్సీ పిల్లవాడి ఫీజు ప్రజల డబ్బు. ఆ ఫీజు ఎంతో కూడా కాలేజీ చూపించిన ఖర్చుల లెక్క చూసే కమిషన్ తేలుస్తుంది. జీతాలూ నిర్వహణా అన్నీ అందులోనే. ఆ పైన ల్యాబు ఫీజు, బిల్డింగు ఫండు, బస్సు. బిల్లులు ఆగితే లెక్చరర్ల జీతాలు ఆగుతాయి, నిజమే. ఆ లెక్చరర్లలో మనవాళ్లూ ఉన్నారు. అయితే సర్కారు మీద కోర్టుకెక్కండి, సెక్రటేరియట్ ముందు కూర్చోండి, మేమూ వస్తాం. మంత్రి ఎదుట నోరు లేవనివాళ్లకు కూలితల్లి ఎదుట ఎట్లా లేస్తుంది?

సర్కార్ల సంగతీ అంతే. 2020లో 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల పీజీ పిల్లలకు ఫీజు ఎగ్గొట్టారు. 2021లో తల్లుల ఖాతాలో వేస్తామన్నారు. 2024లో గెలిచినవాళ్లు మళ్లీ కాలేజీకే అన్నారు. ఖాతా మారింది గాని బకాయి పోలేదు. 2009 నుంచి పామర్రు ఎస్సీ రిజర్వుడు సీటు. ఏ పార్టీ వాడు గెలిచినా సరే, ఈ బకాయి మీద అసెంబ్లీలో ఎన్నిసార్లు లేచావని అడగండి.

అమ్మలారా, అన్నలారా, ఒంటరిగా పోయి కిటికీ ముందు బతిమాలకండి. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టేపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషను ఇచ్చింది. దాని నకలు చేత పట్టుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ఇవ్వనంటే ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. పేటలో ఎందరి కాగితాలు ఆగాయో పేర్లు రాసి, అందరూ కలిసి సోమవారం బందరు కలెక్టరాఫీసుకు రండి.