ముగ్గురు అమృతాలు, ఒకే ఆంజనేయులు

మా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరి ఉద్యోగం పోయినా, ఎవరి చీటీ డబ్బు మునిగినా ముందు వచ్చేది ఓదార్పు మాట కాదు, గుండు హనుమంతరావు ముఖం. 'అమృతం' సీరియల్లో ఆయన వేసిన ఆంజనేయులు బిక్కమొహం బొమ్మ కింద ఎవరో ఒకరు ఆ కష్టాన్ని ఒక్క ముక్కలో రాస్తారు. పోగొట్టుకున్నవాడు కూడా నవ్వేస్తాడు. ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి, 'ఎంతరా, నేనేమైనా సర్దనా?' అని.

'అమృతం' జెమినీ టీవీలో 2001లో మొదలై 2007లో ఆగిపోయింది. గుణ్ణం గంగరాజు మనకిచ్చిన సీరియల్ అది. అమృత విలాస్ అనే చిన్న హోటలు, అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు, వాళ్ల భార్యలు, పనివాడు సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ. వారం వారం కొత్త ఎత్తు వేయడం, బోల్తాపడటం. ఎత్తు ఎవరిదైనా మునిగేది మాత్రం ఇద్దరూ కలిసే. అందుకే మా ఇంట్లో 'నువ్వు మా ఆంజనేయులువిరా' అంటే తిట్టు కాదు, నిన్ను వదలం అని చెప్పడం.

అమృతం వేషం శివాజీ రాజా వేశారు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. భార్యల పాత్రల్లోనూ నటీమణులు మారారు. అయినా జనం లేచి వెళ్లిపోలేదు. అదంతా గుండు హనుమంతరావు చలవే అని చాలాకాలం అనుకున్నాను. అది సగమే నిజం. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క ఉంటారు చూడండి, రామాయణం ఆడుతున్నా మధ్యలో దూరి లోకం సంగతులు మాట్లాడతారు. గొంతిచ్చే మనిషి తండ్రి పోయి కొడుకైనా పోలిగాడు పోలిగాడే. అమృతం, ఆంజనేయులు కూడా అలాంటి బొమ్మలైపోయారు. ఇప్పుడు ఆడించేది ప్రేక్షకులు.

ఆడించడం తేలికనుకోకండి. మా చెల్లెలి కొడుకు సీరియల్ అయిపోయాక పుట్టినవాడు, యూట్యూబ్‌లో చూసి పెరిగాడు. మీమ్ చేస్తుంటే ఓ సాయంత్రం పక్కన కూర్చున్నాను. అర సెకను ముఖం కోసం అరగంట వెతికాడు. నేనొకటి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. 'ఇది కాదు పెద్దమ్మా, ఇందులో ఏడ్చేశాడు. మనకి కావాల్సింది ఏడవబోయే ముందు ముఖం.' నటనలో ఆ తేడా పట్టుకోవడం వాడికి ఏ బడీ నేర్పలేదు. దీన్ని పనిలేని పిల్లల కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు పోయారు. మేమెవరమూ ఆయన్ని ఎదురుగా చూసినవాళ్లం కాదు. అయినా ఆ రోజు గ్రూపులో ఎవరూ బొమ్మ పెట్టలేదు. మా తమ్ముడు ఫోన్ చేసి, చెప్పడానికి ఏమీ లేక, కాసేపు ఉండి పెట్టేశాడు.

2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' వచ్చింది. ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. ఎవరి ఇంట్లో వాళ్లం తలుపులేసుకుని కూర్చున్నాం. గ్రూపులో పండగ శుభాకాంక్షలు కూడా మొక్కుబడిగా వచ్చి ఆగిపోయాయి. రాత్రి పొద్దుపోయాక న్యూజెర్సీ నుంచి మా చిన్నాన్న కొడుకు ఒక బొమ్మ పెట్టాడు. పాత ఆంజనేయులే, అదే బిక్కమొహం. కింద రాశాడు: 'ఒరేయ్, అందరిళ్లలో ఉప్పూ పప్పూ ఉన్నాయా?'