పసరు మనదే, సూది మందూ మనదే

వానాకాలం వచ్చిందంటే మన పేటల్లో పాము కాటు మాట వినపడుతుంది. నాట్లు వేసేది మనం, కలుపు తీసేది మనం, చీకట్లో చెప్పుల్లేని కాళ్లతో నీళ్లు కట్టేదీ మనమే. కరిచేదీ మనల్నే. కరిచినప్పుడు ఏం చేస్తున్నాం? గుడ్డ బిగించి కట్టి, పసరు పోసే ముసలాయన దగ్గరికో మంత్రం వేసే ఆయన దగ్గరికో పరుగెత్తుతున్నాం. చదువుకున్నోళ్లు చూసి నవ్వుతారు. మేము నవ్వం. అట్లాగని చేతులు కట్టుకుని నమ్మం కూడా. అడుగుతాం.

ముందు ఒక మాట. మన అవ్వలకు ఆకూ తెలుసు, వేరూ తెలుసు. ఎన్నో ఊళ్లల్లో పెద్దకులాల ఇళ్లల్లో పురుడు పోసిన మంత్రసానులు మన ఆడోళ్లే. బొడ్డు కోసేదాకా ఆ చెయ్యి కావాలి, కోశాక అదే చెయ్యి మైల. వైద్యుడి అన్నం తినరాదని మనుస్మృతి రాసుకుంది. మన చేతిలో ఉన్న వేరు మోటు వైద్యం. అదే వేరు సీసాలోకెక్కి కంపెనీ పేరు తగిలించుకుంటే ప్రాచీన విజ్ఞానం! ఈ దొంగ లెక్కను మేము ఒప్పుకోం.

అయితే మనది అయినంత మాత్రాన నిజమైపోదు. సర్పగంధ సంగతే చూడండి. ఆ వేరును పాము కాటుకీ, పిచ్చికీ తరతరాలుగా నూరి ఇచ్చారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగులకు ఇచ్చి, ఏం జరిగిందో 1949లో ప్రకటించాడు. 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందు తీశారు. రక్తపోటుకు దేశదేశాల్లో వాడారు. మగత, ముక్కు దిబ్బడ లాంటి చెడు కూడా ఉందని తేలింది. పాము విషానికి విరుగుడని మాత్రం రుజువు కాలేదు. వెక్కిరించి ఊరుకుంటే మందు దొరికేది కాదు. గుడ్డిగా నమ్మితే ప్రాణం దక్కేది కాదు.

మంత్రంతో బతికినోళ్లు ఉన్నారు గదా అంటారు. ఉన్నారు. పాముల్లో ఎక్కువ రకాలు విషం లేనివే. విషమున్నది కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. అట్లా బతికినోళ్లను మంత్రగాడు తన లెక్కలో రాసుకుంటాడు. చనిపోయినోళ్లను మన తలరాతలో రాస్తాడు. కామెర్ల పసరు కథా చాలావరకు ఇంతే. చెడునీళ్ల వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. తగ్గనోళ్లకు చేతిమీద వాతలే మిగులుతాయి.

2020లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది పల్లెటూళ్లోళ్లే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషానికి విరుగుడు సూది ఉండి కూడా ఇన్ని చావులు!

కనుక ఎవరు ఏ మందిచ్చినా, ఆకైనా మాత్రైనా, నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇందులో ఏముంది? ఎందరికిచ్చావు, పోయినోళ్లెందరు? ఇవ్వకపోయినా తగ్గేదేనా? దీనికోసం ఆగితే ఏం పోతుంది? మామూలు జలుబుకు తులసి కషాయం తాగి రెండు రోజులు చూస్తే పోయేదేం లేదు. కట్లపాము కాటుకు ఆగితే ఊపిరే ఆగుతుంది. అడిగితే కోప్పడేవాడి మందు వద్దు. ప్రతి జ్వరానికీ సెలైన్ ఎక్కించేవాణ్ణీ ఇదే అడగాలి.

మనోళ్లు మంత్రగాడి దగ్గరికి పోయేది తెలివిలేక కాదు. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే గనక. ఆసుపత్రి అందకుండా చేసి, మీకు ఆకులున్నాయి గదా అంటే అది గౌరవం కాదు, ఎగ్గొట్టడం.

సంఘం తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వానలు పడకముందే పదిమంది కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. విరుగుడు మందు ఎన్ని సీసాలుంది, రాత్రిపూట ఎవరుంటారు అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. పసరు పోసే ముసలాయన్నీ మీటింగుకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. పాము కాటుతో ఎవరొచ్చినా ముందు 108కి ఫోన్ చేయించమని ఒప్పించండి. కాటు దగ్గర కోయొద్దు, నోటితో పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. కాలైనా చెయ్యైనా కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అవ్వ చెప్పిన ఆకు మనదే. ఆసుపత్రిలో సూదీ మనదే. ఒకదాన్ని పరీక్షించి తీసుకుందాం, రెండోదాన్ని కొట్లాడి తెచ్చుకుందాం.