మంత్రానికి ఖరీదెంత?

ఆమధ్య పెనుకొండ కోట మీది నుంచి మా స్నేహితుడొకడు లోయలో పడి చచ్చిపోయాడు. కంగారు పడకండి, పడింది ఆటలోనే. కానీ వాడు నాతో మాట్లాడకపోవడం మాత్రం నిజంగానే జరిగింది.

మేం ముగ్గురం ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేట్స్. నేను హిందూపురం వాణ్ణి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకడిది పెనుకొండ. ఇంకొకడిది ధర్మవరం, ఇంటి దగ్గరే ఉండి పట్టుచీరల మగ్గాలు చూసుకుంటున్నాడు. నెలకో ఆదివారం మా ఇంట్లో కూర్చుని ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడతాం. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది నేను, కోటలన్నీ మన ఊళ్లవే.

ఆరోజు పెనుకొండవాడి వీరుడు బురుజు మీది నుంచి జారాడు. కింద రెండొందల అడుగుల లోయ. పడేవాణ్ణి దూదిపింజలా దింపే మంత్రం ధర్మవరంవాడి మాంత్రికుడికి వచ్చు. అయితే మూడో లెవెల్ మాంత్రికుడికి స్లాట్లు ఆరే. ఆరూ అయిపోతే విశ్రాంతి తీసుకునేదాకా పెద్ద మంత్రం పలకదు. వాడేమో అన్నీ గబ్బిలాల మీద ఖర్చుపెట్టేశాడు.

“నా ప్రాణం తీసుకోప్పా, వాణ్ణి దించు” అన్నాడు.

“రూల్‌బుక్‌లో లేదు” అన్నాను.

ఆర్నెల్లు పెంచుకున్న పాత్ర పోయింది. పెనుకొండవాడు బండెక్కి వెళ్లిపోయాడు. తర్వాతి నెల రాలేదు.

నేను మళ్లీ పుస్తకాలు తిరగేశాను. ఈ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చారు. మంత్రాల పద్ధతికి మూలం జాక్ వాన్స్ 1950 నాటి ‘ది డయింగ్ ఎర్త్’ కథలు. అందులో మంత్రాన్ని ముందే బుర్రలో ఎక్కించుకోవాలి, వాడగానే అది చెరిగిపోతుంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో కాస్త సడలించారు గానీ లెక్క లెక్కే. ధర్మవరంవాడు దీన్ని ఒక్క ముక్కలో తేల్చాడు: “ఇది పడుగు లెక్కప్పా. ఎంత పొడుగేస్తే అంతే నేత.”

1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ తెచ్చిన ‘ఆర్స్ మ్యాజికా’ దారి వేరు. అందులో ఐదు క్రియలు, పది వస్తువులు. ‘అదుపు చేయి’, ‘మనిషి శరీరం’ అని రెండూ జోడిస్తే పడేవాణ్ణి ఆపే ప్రయత్నం చేయొచ్చు. ప్రోగ్రామర్‌ని కదా, యాభై జతలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అప్పటికప్పుడు అల్లిన మంత్రానికి గట్టిగా బలం పెడితే ఒంట్లో సత్తువ తగ్గుతుంది. మితిమీరితే స్పృహే తప్పుతుంది.

1981 నాటి ‘కాల్ ఆఫ్ కథుల్హు’లో ఖరీదు ఇంకా ఎక్కువ, మంత్రం వేసేకొద్దీ మతి చెడుతుంది. మనకిది కొత్తేం కాదు. మన తాడిపత్రి కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళ భైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడికి కోరికలు తీర్చే బొమ్మ కావాలంటే ఒక సాహసవంతుణ్ణి బలివ్వాలి. ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తారన్నదే కథ.

ఏ రూల్స్ గొప్పవని అడిగితే నా జవాబు ఇదే. స్లాట్ల పద్ధతి ముందుచూపు నేర్పుతుంది. ఎప్పుడు దాచుకోవాలో, ఎప్పుడు వాడాలో ఆలోచిస్తూ ఆడాలంటే అదే బాగుంటుంది. కానీ స్నేహితుడు పడిపోతుంటే ‘నేనేం ఇవ్వగలను?’ అని అడిగే వీలు రెండో పద్ధతిలోనే ఉంది. ఆరోజు మావాడు అడిగింది అదే. నేను వినకుండా పేజీ నంబరు చూశాను.

పెనుకొండవాడికి ఫోన్ చేసి, తప్పు నాదే అన్నాను. “చచ్చినోణ్ణి లేపొద్దులే. కొత్తాట మొదలుపెట్టు” అన్నాడు. ఇప్పుడు ఇద్దరికీ మధ్యన ఉందని వాళ్లింట్లోనే ఆడుతున్నాం. ఆట ‘ఆర్స్ మ్యాజికా’. పోయిన ఆదివారం వాడి కొత్త పాత్ర బావిలో పడబోయింది. ధర్మవరంవాడు ఆపాడు, ఆపి స్పృహ తప్పాడు. ఇద్దరూ నా మొహంలోకి చూశారు. ఈసారి నేను పుస్తకం తెరవలేదు.